గ్యాస్ బుకింగ్ మీద సంఘపెద్ద బొమ్మ

మా పెద్దమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఎంతమందికి సూదులు పొడిచిందో గాని, చిలకలూరిపేటలో ఆవిణ్ణి చూస్తే ఇప్పటికీ చెయ్యి వెనక్కి దాచుకునేవాళ్లున్నారు. పెదనాన్న పోయాక ఒక్కతే ఉంటోంది, అదీ దర్జాగా. షుగరు వల్ల చూపు మందగించింది. మనుషుల ముఖాలు, రంగులు పోల్చుకుంటుంది. చిన్న అక్షరాలు మాత్రం చీమల బారులా కనిపిస్తాయంటుంది. ఫోనుతో విసిగిపోయి "పెద్ద తెర ఉన్నది కావాలే" అని పట్టుబడితే, నేను పనిచేసే ఫ్లెక్సీ షాపులో మూలపడున్న పాత కంప్యూటరు తెచ్చి ఆవిడ హాల్లో పెట్టాను.

ఆవిడకు కావలసినవి నాలుగే సైట్లు. ఆదివారం ఆరాధన వచ్చే చర్చి సైటు, కరెంటు ఆఫీసుది, గ్యాస్ బుకింగుది, గుంటూరు యార్డులో మిర్చి ధరలు చెప్పేది. చేను కౌలుకిచ్చింది, కౌలుదారు మిరప వేశాడు, అతను చెప్పే ధర ఈవిడ నమ్మదు. నాలుగింటికీ డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్లు చేసిచ్చాను. అన్నీ బ్రౌజరు గుర్తుతోనే వచ్చాయి. ఒకే రంగులు, ఒకే గుండ్రటి బొమ్మ. కింద పేర్లున్నాయి గాని అవి చీమలు కదా.

ఆ వారమే గొడవ వచ్చింది. స్త్రీల ప్రార్థన కూడిక ఆవిడ ఇంట్లో జరిగింది. పాట పెడదామని చర్చి సైటు అనుకుని నొక్కితే మిర్చి ధరలు తెరుచుకున్నాయి. చేతులు జోడించి కళ్లు మూసుకున్న ఆడవాళ్లలో ఒకావిడ ఒక కన్ను తెరిచి, "తేజ మిర్చి బానే పలుకుతోందే" అందట. ఆ తర్వాత ఎవరి చేను వాళ్లకు గుర్తొచ్చింది. ప్రార్థన అక్కడితో సరి.

వాళ్లు వెళ్లగానే నాకు ఫోన్. "చదువురానివాళ్లు ఓటేయడానికి గుర్తులిచ్చారా లేదా? పోలింగు బూత్‌లలో మెడికల్ డ్యూటీ చేసినదాన్ని, నాకు తెలుసు. నా వాటికీ గుర్తులియ్యి."

అడిగింది న్యాయమే. ప్రతి సైటుకూ సొంత గుర్తొకటి ఉంటుంది. పైన ట్యాబులో పేరు పక్కన గోరంత కనిపించే బొమ్మ అదే. దాన్ని సేవ్ చేసుకుని, ఐకాన్ ఫైలుగా మార్చి, షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో పాతది తీసి ఇది పెట్టొచ్చు. రాజకీయ నాయకుల మొహాల మీద మచ్చలు తుడిచి బతికేదాన్ని, నాకిదో లెక్కా అనుకుని ఆదివారం మధ్యాహ్నం వెళ్లి కూర్చున్నాను.

సేవ్ అయితే అయ్యాయి. ఆ బొమ్మలు గోరంత ఉన్నంతసేపే బొమ్మలు. పెద్దమ్మ కంటికి ఆనాలని పెద్దవి చేస్తే, వానలో తడిసిన ముగ్గులా అలుక్కుపోయాయి. కరెంటుదీ మిర్చిదీ ప్రభుత్వ సైట్లు కాబట్టి రెంటికీ అవే సింహాలు. గ్యాస్‌ది మంట కాబోలు గాని తమలపాకులా ఉంది. చర్చి సైటు కట్టినవాళ్లు గుర్తు మార్చడమే మరిచిపోయారు. ఎక్కడిదో రెడీమేడ్ డిజైనుతో వచ్చిన వంకర గీత అలాగే ఉంది.

పెద్దమ్మ తెరకి ముక్కు ఆనించి చూసింది. "దేవుడికి చెప్పు గుర్తేంటే?"

"చెప్పు కాదు పెద్దమ్మా, అదేదో అక్షరం."

"నాకు చెప్పులాగే కనపడుతోంది. తీసెయ్. నాకు మొహాలు బాగా తెలుస్తాయి, మొహాలు పెట్టు."

షాపులో మేము చేసిన పుట్టినరోజు ఫ్లెక్సీలు, పెళ్లి ఫ్లెక్సీల ఫోటోలు నా పెన్‌డ్రైవులో ఉన్నాయి. బంధువులంతా అందులోనే ఉన్నారు. పెద్దమ్మ కాలు మీద కాలేసుకుని టిక్కెట్లు పంచడం మొదలుపెట్టింది.

"కరెంటుకి మా మరిదిని పెట్టు. ఎప్పుడొస్తాడో తెలీదు, ఎప్పుడు పోతాడో తెలీదు."

బాబాయిని పెట్టాను.

"గ్యాస్‌కి?"

"మన ఊళ్లో గ్యాస్ కొట్టేది ఎవరు?"

ఇద్దరం ఒకేసారి మా చర్చి సంఘపెద్ద పేరు చెప్పాం. ఆయన ఫోటో షష్టిపూర్తి ఫ్లెక్సీ నుంచి కత్తిరించాను, కండువాతో సహా.

మిర్చికి మాత్రం మిరపకాయే పెట్టమంది. దానికన్నా ఘాటైన మనిషి మన చుట్టాల్లో లేరంది. ఉన్నారని నా అభిప్రాయం. ఆవిడ నా ఎదురుగానే కూర్చుని ఉంది.

చర్చికి ఎవరని అడిగితే పాస్టరుగారి పేరు చెబుతుందనుకున్నాను. ఆవిడ, "మీ పెదనాన్నని పెట్టు" అంది.

పెదనాన్న జిన్నింగు మిల్లులో సూపర్వైజరు. ఆదివారం వస్తే గోడౌనులో పత్తి బేళ్ల మీద పేకాట. చర్చి గుమ్మం ఎక్కింది రెండు సందర్భాల్లోనే, పెళ్లికీ చావుకీ. రెండోసారి ఎక్కించారు.

"ఆయన్నా?" అన్నాను.

"ముప్పై ఏళ్లు పిలిచాను, ఒక్క ఆదివారం రాలేదు. ఇప్పుడు నేను నొక్కితే ఎట్లా రాడో చూస్తా."

ఏదో పెళ్లిలో పళ్లెం పట్టుకుని నవ్వుతున్న ఫోటో దొరికింది. పళ్లెం తీసేసి నవ్వు మాత్రం ఉంచాను. ఆవిడ చాలాసేపు చూసి, "ఇంకొంచెం పెద్దవాడు అవుతాడా?" అంది. మౌస్ చక్రం తిప్పి పెద్దవాణ్ణి చేశాను.

వేసవిలో పెదనాన్న జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మిర్చి లారీలు పోయే రోడ్డు కావడంతో సగం ప్రార్థన తుమ్ములతోనే జరిగింది. భోజనాల్లో పెరుగన్నం వచ్చేలోపు సంఘపెద్ద ఫ్యాను కోసం కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చుని తెర చూశాడు.

"సిస్టర్, నా ఫోటో పెట్టుకున్నారే" అన్నాడు, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

"మీరు లేకుండా ఇల్లు గడవదండి" అంది పెద్దమ్మ.

ఆయన పాస్టరుగారిని కూడా దగ్గరకు పిలిచి మరీ తన మొహం మీద నొక్కాడు. గ్యాస్ బుకింగు తెరుచుకుంది. ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. మొదట అర్థమైంది మా బాబాయికి. విరగబడి నవ్వుతూ ముందుకొచ్చి ఆ పేజీ మూసి, పక్కనే తన మొహం చూసి ఆగాడు. నొక్కితే, మరమ్మతుల వల్ల సరఫరా ఉండదన్న ప్రకటన వచ్చింది.

"వదినా, నేను కరెంటా?"

"పోయినసారి వచ్చింది క్రిస్మస్‌కి. ఇవాళ వచ్చావు. మధ్యలో కోతే కదా" అంది ఆవిడ.

సంఘపెద్ద పెరుగన్నం తినకుండానే వెళ్లిపోయాడు. పాస్టరుగారు నన్ను వరండాలోకి పిలిచి, "చర్చి సైటుకి నా ఫోటో ఉంటే బాగుంటుందేమో కదమ్మా" అన్నారు. లోపలికెళ్లి చెప్పాను. "అక్కడ సీటు ఖాళీ లేదని చెప్పు" అంది పెద్దమ్మ, వరండాలోకి వినపడేటట్టే.

పౌరుషం కొద్దీ బాబాయి మర్నాటినుంచే రావడం మొదలుపెట్టాడు. వచ్చినవాడు ఊరికే కూర్చుంటాడా? కంప్యూటరు నెమ్మదిగా ఉంది, చెత్త ఊడుస్తానని డౌన్‌లోడ్స్ ఫోల్డరంతా ఖాళీ చేశాడు. ఐకాన్ ఫైళ్లన్నీ నేను అందులోనే ఉంచాను. మొహాలన్నీ మాయమై తెల్ల కాగితాల బొమ్మలు మిగిలాయి. పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు గొంతులో వెటకారం లేదు.

"ఎప్పుడొస్తావే?"

షాపు మధ్యలోనే బయల్దేరి వెళ్లాను. పెన్‌డ్రైవులో ఫోటోలున్నాయి, భయం లేదు. ఈసారి ఎవరి చెయ్యీ పడని ఫోల్డరు చేసి, ముందు పెదనాన్నని పెట్టాను. ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. తర్వాత సంఘపెద్దని వెతుకుతుంటే చెయ్యి పట్టుకుంది.

"వద్దులే. ఏది ఎక్కడుందో చేతికి అలవాటైంది. ఆయనొక్కడు ఉంటే చాలు."

నేను చెప్పులేసుకుంటుంటే బాబాయి గేటు దాకా వచ్చాడు. అటూ ఇటూ చూసి, "అమ్మాయ్, నాది కూడా పెట్టవే. కరెంటుకైనా పర్లేదు" అన్నాడు. "ఆ ఫోటో మాత్రం వద్దు, అందులో పొట్ట కనపడుతోంది."

ఐకాన్‌లో మెడ దాకానే ఉంటుందని చెప్పినా వినకుండా, అక్కడే గేటు పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ఫోను తీసి ఫోటో కొట్టాను.