ఊ కొట్టని ఇంటర్వ్యూ

ముప్పై ఏళ్ళు పత్రికలో పనిచేసి నేను నేర్చుకున్న ఇంటర్వ్యూ విద్య ఒకటే, ఊ కొట్టడం. ఎదుటి మనిషి చెబుతుంటే ఊఁ, అట్లనా అంటూ పోవాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. పుస్తకంలో రాసుకునేది వాళ్ళ మాటలే కాబట్టి నా ఊ ఎన్నడూ ఎవరికీ అడ్డం రాలేదు.

ఆఫీసువాళ్ళు చేతికి ఫోను, స్టాండు, చొక్కాకు తగిలించే మైకు ఇచ్చాక అడ్డం వచ్చింది. వీడియోలు కత్తిరించే అమ్మాయి నా మొదటి ఇంటర్వ్యూ చూసి, "సార్, ఆయన మాటకన్నా మీ ఊ ఎక్కువుంది. తలూపండి చాలు, నోరు తెరవకండి," అంది. అప్పటినుంచి నోరు కట్టేసుకోవడమే నా పని.

మహేశ్వరం దగ్గరి ఊళ్ళో ఆ ముసలమ్మను చిత్రీకరించడానికి వెళ్ళింది వార్త కోసం కాదు. ఆమె కొడుకు శంషాబాద్‌లో ఆటో నడుపుతాడు, నాకు పాత పరిచయం. వాళ్ళ పొలం అమ్ముడుపోయి ప్లాట్లయింది. ఒక మూలన మాత్రం ఏడు సమాధులున్నాయి. పేర్లు చెక్కినవి కావు, పాతిన బండరాళ్ళు. ప్లాట్లవాళ్ళు అవి పాత హద్దురాళ్ళంటున్నారు. సోమవారం సర్వేయరు వస్తాడు. సమాధులని తేలితేనే ఆ మూల వదిలి హద్దు వేస్తాడు. ఏ రాయి కింద ఎవరున్నారో ఎరిగిన మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. నెల కిందట పక్షవాతమొచ్చి మూడు రోజులు మాట పడిపోయింది. మాట తిరిగొచ్చింది గానీ కాలు రాలేదు. మాట మళ్ళీ పోవచ్చని దవాఖానలో చెప్పారట.

"అమ్మీకి మాట ఉన్నప్పుడే పట్టుకోవాలె అన్నా," అన్నాడు కొడుకు.

శనివారం పొద్దున ఆమె కుర్చీని వెలుగు పక్కనుంచి పడేలా వరండాలో వేయించాను. ఫ్యాను ఆపించాను. విమానాలను ఆపించలేను కదా, ఒకటి పోయాక మొదలుపెట్టాం.

"ఒకటో రాయి మా మామది..." అని ఆగింది. "వింటున్నవా బిడ్డా?"

తలూపాను. ఆమె కళ్ళకు పొరలు. నా తల కనపడదని అప్పుడు తట్టింది.

"ఈనకు చెవుడా ఏంది?" అంది కొడుకుతో.

"వింటుండు అమ్మీ. మాట్లాడొద్దంట, గట్ల కాయిదా ఉన్నదంట."

"ఊ అనకుంటే గోడకు చెప్పినట్టుంటది. గోడకు చెప్పనీకి ఈనెందుకు, గోడ ఈడనే ఉన్నది గద."

స్టూలు దగ్గరికి జరుపుకుని, కెమెరాకు కనపడకుండా కిందినుంచి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఊ అనాల్సిన చోటల్లా మెల్లగా నొక్కాను.

"గిట్లయితే సరే," అంది.

ఇక ఆగలేదు. రెండోది అత్తది. "బతికినప్పుడు మామతోని పడకపోయేది, ఇప్పుడు పక్కపక్కన పండుకున్నరు." మూడు, నాలుగు, ఐదు మరుదులవి. ఆరోది భర్తది. ఏడోది చెబుతుంటే నెత్తిమీదినుంచి విమానం పోయింది. ఆమె వేళ్ళు నా చేతిని గట్టిగా బిగించాయి. నేనూ నొక్కాను. ఆ తర్వాత ఆమె నాలుక మందగించింది. చాలనుకుని స్టాండు మడిచాను.

సోమవారం పొలానికి పోతూ ఎయిర్‌పోర్టు మలుపు దాటుతుండగా ఆఫీసు అమ్మాయి ఫోను చేసింది. "సార్, ఏడో రాయి దగ్గర విమానం మోతే ఉంది. మాట లేదు." చేతితో వింటూ చెవితో వినడం మరిచిపోయాను. తిరిగి చూసుకోనూ లేదు.

సర్వేయరు నా ఫోను నీడకు పట్టి వీడియో ఓపిగ్గా చూశాడు. మనిషిని పిలిచి ఆరు రాళ్ళ చుట్టూ సున్నం పోయించాడు. ఏడోది చిన్నది, ప్లాట్ల గీతమీదే ఉంది.

"ఇదైతే హద్దురాయే సార్. ఆమె చెప్పనే లేదు," అన్నాడు ప్లాట్ల తాలూకు మనిషి.

కొడుకు ఇంటికి ఫోను కలిపాడు. అటునుంచి అతని భార్య, "పొద్దటినుంచి అమ్మీ మాట జర తడబడుతున్నది," అంది. అయినా ఇమ్మన్నాడు. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు.

"ఎవరు?" అంది ముసలమ్మ. ఆ ఒక్క మాటకే చాలాసేపు పట్టింది.

"నేనే అమ్మా, ఊ కొట్టనోణ్ణి. ఏడో రాయి ఎవరిది?"

ఊపిరి మాత్రం వినిపిస్తోంది. మాట పోయిందేమోనని కొడుకు మొహం చూశాను. సర్వేయరు గడియారం చూసుకున్నాడు.

"బిడ్డది," అంది చివరికి. "నా తొలుసూరు బిడ్డది."

"ఊఁ," అన్నాను.

"మూడు దినాలు బతికింది. పేరు గూడ పెట్టలే."

"ఊఁ."

కొడుకు తలొంచుకున్నాడు. అక్క ఉండేదని అతనికీ తెలియదు.

"రాయి దొరక్కపోతే మీ బాపు... మన పొయ్యిరాయి తీస్కపోయి పాతిండు. మసి దిక్కు... కిందికి."

సర్వేయరు వంగి, రాయి మొదట్లో మట్టిని తన ఇనుప కమ్మీతో గీకాడు. ఎర్రమట్టి రాలింది. ఇంకాస్త లోతుకు గీకి, చొక్కా అంచుతో తుడిచాడు. నల్లగా మాడిన చార కనిపించింది. సున్నం మనిషికి ఆ రాయి చుట్టూ చెయ్యి తిప్పి చూపించాడు.

"వింటున్నవా బిడ్డా?" అంది ఫోనులో. విమానమొకటి దిగుతోంది.

ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుని గట్టిగా ఊఁ అన్నాను.