పారబోసిన నీళ్లు

నా భార్య చేపల తొట్టి కొన్నప్పుడు చేపలు కొనలేదు. ఈ ఒక్క సంగతి కోరుట్లలో మా వాడకట్టుకు చాలా రోజులు నవ్వుకోవడానికి పనికొచ్చింది.

ఆమె మల్లాపూర్ మండలంలో ఒక సర్కారు బడిలో సైన్సు చెప్పేది. నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. మాకు పిల్లలు లేరు. సాయంత్రాలు ఆమె పరీక్ష కాగితాలు దిద్దుకునేది, నేను చదువుకునేవాణ్ని. చేపల ఆలోచన ఆమెకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. నేను అడగలేదు. మా ఇంట్లో చాలా పనులు అడగకుండానే జరిగిపోయేవి.

జగిత్యాలలో షాపాయన ఒక గుండ్రటి గాజు గిన్నె, రెండు గోల్డ్‌ఫిష్‌లు మా ముందు పెట్టాడు.

"గివి తీస్కపోండ్రి మేడం. ఏం రంది లేదు. రెండు గింజలేస్తే బతుకుతయి."

"ఎన్నొద్దులు బతుకుతయి?" అని ఆమె అడిగింది.

అతను నవ్వాడు. "సస్తే మల్ల రండ్రి. మేమేడికి పోతం?"

ఆమె గిన్నె వద్దని మూరన్నర పొడవున్న గాజు పలకల తొట్టి తీసుకుంది. నీళ్లు ఎక్కువుంటే అందులో చేరే విషం పలచగా ఉంటుందని, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పెద్ద తొట్టే నయమని దారిలో చెప్పింది. పాత చద్దరు చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

హాల్లో ఎండ తగలని గోడకు సిమెంటు బండ ఉంది. దాని మీద థర్మాకోల్ పలక పరిచి తొట్టిని పెట్టింది. గులకరాళ్లను ఉత్త నీళ్లతోనే కడిగింది, సబ్బు తాకనివ్వలేదు. చిన్న గాలి మోటరు, దానికి అతికించిన నల్లటి స్పాంజి, నాలుగు నీటి మొక్కలు. మా బోరు నీళ్లకు గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతుంది. నల్లా నీళ్లకు మందు వాసన. నల్లా నీళ్లను ఒక రోజు బకెట్లలో నిలవబెట్టి, వాసన పోయాక బోరు నీళ్లలో కలిపి పోసింది.

"నీళ్లను మార్చుడు మనతోని కాదు. గీ నీళ్లు పడే చాపలనే తెచ్చుకోవాలె" అంది. నల్ల మోలీలు అని పేరు కూడా అప్పుడే చెప్పింది. ఒళ్లంతా బొగ్గులా నల్లగా, వేలెడంత ఉంటాయట. గట్టి నీళ్లకు ఓర్చుకుంటాయట.

కానీ తేలేదు. చేపలు విసర్జించేది నీళ్లలో విషమవుతుందని, దాన్ని తినే సూక్ష్మజీవులు స్పాంజిలోనూ రాళ్లమీదా చేరాలని, దానికి వారాలు పడుతుందని, అవి లేకుండా చేపలను వదిలితే తమ మురికిలో తామే చస్తాయని నాకు ఒకసారి చెప్పింది. ఎనిమిదో తరగతికి చెప్పినట్టే, నిలబడి చెప్పింది. ఆ కనబడని జీవుల కోసం రోజూ పొద్దున ఖాళీ నీళ్లలో చిటికెడు చేపల తిండి వేసేది. అది కుళ్లితే వాటికి ఆహారం. వారానికి రెండుసార్లు చిన్న గాజు గొట్టంలో నీళ్లు తీసి మందుచుక్కలు వేసి చూసేది. పచ్చగా మారితే విషం ఉన్నట్టు. పసుపు రంగులో ఉంటే లేనట్టు. ఎన్నో వారాలు పచ్చగానే వచ్చింది.

ఆ రోజుల్లోనే మా అక్క సిరిసిల్ల నుంచి వచ్చింది. అక్కావాళ్ల ఇంట్లో మరమగ్గాలున్నాయి. ఆ చప్పుడులో మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు ఎక్కడైనా పెద్దదే.

"ఏందే మరదలా, చాపలేవే?"

"ఇంక తేలే వదినె. నీళ్లు తయారు కావాలె."

"నీళ్లు తయారుగుడేందే? వండుతున్నవా?"

"వండుడే అనుకో. సన్నమంట మీద."

"మరి గా తిండి ఎవలకేస్తున్నవు?"

"కండ్లకు కనవడనోళ్లకు."

అక్క నా వైపు తిరిగింది. "తమ్మి, దీన్ని కొండగట్టు గుడికన్న తీస్కపో. ఏదో పట్టినట్టుంది." ఇద్దరూ నవ్వారు. అక్క వెళ్లేదాకా తొట్టి ముందు నిలబడి లేని చేపలను లెక్కపెడుతూ మరదలిని ఏడిపించింది. వాళ్లిద్దరికీ మధ్య అలాంటి చనువు ఉండేది.

ప్రహరీగోడ అవతల మాటలు వేరు. "పిల్లలు లేనోళ్లు చాపలు సాదుకుంటరు. చాపలు గూడ లేని తొట్టిని సాదుడు నేనేడ చూడలే." ఆమె ఆ మాట విన్నది. నేనూ విన్నాను. ఆమె చిటికెడు తిండి వేసి, మూత పెట్టి, బడికి వెళ్లిపోయింది.

చివరికి ఒకరోజు నీళ్లు పసుపు రంగు చూపాయి. మళ్లీ చూసినా అదే. మూడు నల్ల మోలీలు వచ్చాయి, కొన్నాళ్లకు ఇంకో రెండు. నీళ్లు ఎప్పుడూ మొత్తం మార్చేది కాదు. వారానికి ఒక బకెట్ తీసి, ఒక బకెట్ పోసేది. స్పాంజిని ఆ తీసిన పాత నీళ్లలోనే పిండేది, నల్లా కింద పెట్టేది కాదు. వెనక అద్దానికి పచ్చటి పొర పట్టింది. నీళ్లు పలచటి టీ రంగుకు తిరిగాయి. కడగవా అంటే, "అది మురికి కాదు" అంది. చేపలు మంచిగా ఉన్నాయి. ఆమె కాగితాలు దిద్దుతూ మధ్యలో తలెత్తి చూసేది.

తర్వాత జ్వరం వచ్చింది. జగిత్యాల ఆస్పత్రికి తీసుకుపోయాను. అక్కడినుంచి అంబులెన్సులో ఇంటికి తెచ్చాను. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. బడిలో సంతాపసభ పెట్టి, ఎవరో ఆమెను దీపంతో పోల్చారు. ఆమె దీపం కాదు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, మోకాలి నొప్పి ఉండేది, ఎవరి మాటా మధ్యలో తెంచేది కాదు.

ఇంటికి తెచ్చిన రోజు ఆమెను హాల్లో పడుకోబెట్టారు. తొట్టి మోటరు నడుస్తూనే ఉంది. మధ్యాహ్నం మగవాళ్లం ఆమెను తీసుకుని వాగు గట్టుకు వెళ్లాం.

మా దిక్కు శవం వెళ్లిన ఇంట్లో నీళ్లు ఉంచరు. బిందెలు, గోలెం, బకెట్లు, ఫ్రిజ్జులో సీసాలు, అన్నీ పారబోసి ఇల్లు కడుగుతారు. ఇది నాకు తెలియని ఆచారం కాదు. చిన్నప్పుడు మా తాత పోయినప్పుడు నేనే బిందెలు గుమ్మరించాను. కానీ వాగు గట్టు మీద ఉన్నంతసేపూ అది నా తలలోకి రాలేదు.

తిరిగి వచ్చేసరికి ఇల్లు తడిగా, ఫినాయిల్ వాసనతో ఉంది. తొట్టి మెరుస్తున్నది. అద్దాలకు ఇటువైపు నుంచి అటువైపు గోడ మీది సున్నం గీతలు కూడా కనిపిస్తున్నాయి. రాళ్లు తెల్లగా ఉన్నాయి. మొక్కలు లేవు. అయిదు చేపలూ ఒక మూలకు చేరి కదలకుండా ఉన్నాయి.

అక్క ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. నా చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకుపోయింది.

"అందరు దీన్ని ఎత్తి బయట పడేద్దామన్నరు తమ్మి. నేనే పడనియ్యలే. ఆమె పానం లెక్క చూసుకున్నది గద. చాపలను చెంబుల ఏసి, రాళ్లను సబ్బువెట్టి తోమిన. గా నల్లటి స్పాంజి ఎంత మురికి పట్టిందో, నల్లా కింద పిండి పిండి నా చేతులు గుంజినయి. నాచు, గడ్డి అంత తీసేసిన."

ఆమె వేళ్లు నానిపోయి ఉన్నాయి. నేను "మంచిది అక్కా" అన్నాను. అక్కడ ఆ మాట తప్ప ఇంకో మాట అనడానికి వీలులేదు.

ఆ టీ రంగు నీళ్లు మా ఇంటి ముందు మోరీలో పోయాయి. నా భార్య చేత్తో చేసినవాటిలో బతికి ఉన్నది అదొక్కటే. ఇది అతిశయోక్తి కాదు. చీరలు, పుస్తకాలు, వంటగదిలో డబ్బాలు అన్నీ ఉన్నాయి, కానీ అవి వస్తువులు.

మర్నాటికి చేపలు పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తున్నాయి. గాజు గొట్టంలో చుక్కలు వేసి చూశాను. పచ్చగా వచ్చింది. ఏం చేయాలో నాకు తెలుసు. రోజూ కొంత నీళ్లు తీసి, నిలవబెట్టిన నీళ్లు పోయాలి. అంతకంటే మంచి మార్గం ఒకటుంది. ఎక్కడైనా పాత తొట్టిలో నడుస్తున్న స్పాంజి ముక్క తెచ్చి ఇందులో వేస్తే, ఆ జీవులు దానితోపాటే వస్తాయి. జగిత్యాల షాపులో అలాంటి తొట్లు వరసగా ఉన్నాయి. గంట ప్రయాణం. కానీ చితికి నిప్పు పెట్టినవాణ్ని నేను. దినాలు అయ్యేదాకా గడప దాటి ఎవరి దగ్గరికీ పోకూడదు.

పరామర్శకు వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీలకు ఎదురుగానే తొట్టి ఉంది. వాళ్లు మాట్లాడుతుండగానే నేను లేచి మగ్గుతో నీళ్లు తోడేవాణ్ని. బయట చెప్పులు తొడుక్కుంటూ ఒకాయన అన్నాడు: "సారుకు మతి చెడ్డది. పెండ్లాం పోయిందంటే చాపల దిక్కు చూస్తడు."

రెండు చేపలు చచ్చాక జగిత్యాలలో ఉన్న బామ్మర్దికి, అంటే నా భార్య తమ్ముడికి, ఫోన్ చేశాను. స్పాంజి సంగతి చెప్పాను. అర్థమైందా అని అడిగి మళ్లీ చెప్పాను. చేపలు ఎలాంటివని అడిగితే ఫోటో పంపాను. అతను సాయంత్రం బస్సుకు వచ్చాడు. చేతిలో గాలి నింపిన ప్లాస్టిక్ కవరు. అందులో ఆరు నల్ల మోలీలు.

"స్పాంజి ఏది?"

"అడిగిన బావా. షాపాయన నగిండు. గా గలీజు స్పాంజి ఏం జేస్కుంటరు, కొత్తది తీస్కపోండ్రన్నడు. చాపలు సస్తున్నయంటివి గద, గందుకే గివి తెచ్చిన. అచ్చం గట్లనే ఉన్నయి చూడు. అక్కకు గివ్వే ఇష్టమాయె."

చెబుతూ చెబుతూ ఏడ్చాడు. ఆ కవరును వెనక్కి తీసుకుపొమ్మని నేను అతనికి ఎలా చెప్పాలి? విషం తినేవి లేని నీళ్లలో చేపలు ఎక్కువైతే విషం కూడా ఎక్కువవుతుంది. అది తెలిసే కవరు విప్పి వదిలాను. అతను ముఖం తుడుచుకుని, "మంచిగున్నది బావా, తొట్టి నిండింది" అన్నాడు.

తర్వాత రోజుకొకటి, రెండు పోయాయి. కలిసిపోయాక ఏది ముందటిదో, ఏది కొత్తదో తెలియలేదు. అన్నీ ఒకే నలుపు, ఒకే పొడవు. దినాలు అయ్యేసరికి ఒక్కటి మిగిలింది.

దినాలు అయ్యాక దగ్గరి చుట్టాలు మనిషిని పోగొట్టుకున్నవాణ్ని తమ ఇంటికి తీసుకుపోయి నిద్ర చేయిస్తారు. అక్కడ తిని, ఒక రాత్రి పడుకుని వస్తేగానీ అతను మళ్లీ నలుగురిలో కలిసినట్టు కాదు. నా నిద్ర అక్కావాళ్ల ఇంట్లో అని ముందే అనుకున్నారు. పొద్దున కారు వచ్చి వాకిట్లో ఆగింది.

"రెండంగీలు వెట్టుకో తమ్మి. మీ బావ పొద్దుగాల్నే మటన్ తెచ్చిండు."

"నేను రానక్కా."

"రానంటేంది?"

"నీళ్లు మార్చాలె. పొద్దుగాల, మాపటీలి మార్చకుంటే గిది గూడ పోతది."

"చాప కోసం నిద్రకు రావా? పక్కింటోళ్లకు చెప్తే ఇంత తిండి ఎయ్యరా?"

"తిండి కాదు. నీళ్లు."

"నీళ్లకేమైంది? ముత్యాల లెక్క కడిగి పోస్తిని గద."

అప్పుడు చెప్పాను. స్పాంజిలో ఏముండేదో, రాళ్ల మీద ఏముండేదో, అవి రావడానికి ఎన్ని వారాలు పట్టిందో, అవి ఎక్కడికి పోయాయో. గొంతు పెంచలేదు. ఎనిమిదో తరగతికి చెప్పినట్టు వరసగా చెప్పాను. అక్క నిలబడే విన్నది. చివర, "నువ్వు కడిగినందుకే చచ్చినయి" అన్నాను.

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. అక్క తొట్టి ముందుకు వెళ్లి వంగింది.

"గిది ఆమె తెచ్చిందేనా?"

"ఆమె తెచ్చిందే."

"నీకెట్ల ఎరుక? బామ్మర్ది తెచ్చినయి గూడ గిట్లనే ఉండె గద."

నేను మగ్గు చేతిలోకి తీసుకున్నాను.

"నీకెరుక లేదు" అంది అక్క. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "ఆమె పోయినొద్దు నీ కంట్ల నీళ్లు రాలే. పెద్ద గుండె అనుకున్న. ఇయ్యాల గా చాపకు, నాకు తూకమేస్తున్నవు. నీకు ఎరుకలేని చాపకు."

సంచి తీసుకుని కారెక్కింది. నేను వాకిట్లోకి వెళ్లలేదు. నీళ్లు మార్చే వేళ అయింది, మార్చాను.

ఆ చేప చావలేదు. కొన్ని వారాల తర్వాత గాజు గొట్టంలో పసుపు రంగు వచ్చింది. అద్దానికి పచ్చటి పొర పట్టింది. చేయవలసిన పద్ధతిలో అన్నీ చేశాను కనుక జరగవలసిందే జరిగింది. నా నిద్ర మాత్రం ఎవరూ చేయించలేదు. అక్క ఫోన్ చేయదు. బావ పండుగలకు చేసి, ఆరోగ్యం అడిగి పెట్టేస్తాడు. వెనక మగ్గాల చప్పుడు వినిపిస్తుంది, అక్క గొంతు వినిపించదు.

చేప ఆమె తెచ్చినదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. పొద్దున మూత తీస్తే పైకి వస్తుంది. ఎవరు తీసినా వస్తుంది.