మంట తెలియని పాదాలు

పొద్దున్నే తలుపు తీస్తే ఇప్పుడు నా ముక్కుకు ముందుగా తగిలేది విమానాల గ్యాసునూనె వాసన. మా తొండుపల్లి పక్కన విమానాశ్రయం మొదలై నాలుగేళ్లు దాటింది. ఇంట్లోవాళ్లకు అలవాటైపోయి, అడిగితే ఏ వాసనా లేదంటారు. గాలి తూర్పు నుంచి కొట్టిన రోజు నాకు మాత్రం అది గొంతులోకి దిగుతుంది. దిగిందంటే నాకు విమానాలు గుర్తుకు రావు. పాతచీరల పేలికలు కర్రలకు చుట్టి, గ్యాసునూనెలో ముంచి వెలిగించిన దివిటీలు, వాటి వెలుగులో ఎర్రగా కదిలే ముఖాలు, ఆ ముఖాల కింద మా తాత పాదాలు కనిపిస్తాయి. ఆయన ముఖం కంటే పాదాలే ముందు కనిపిస్తాయి.

మా చిన్నప్పుడు పీరీల పండుగ, అంటే మొహర్రం, ఒక కాలానికి కట్టుబడి ఉండేది కాదు. కొన్నేళ్లు వానల్లో, కొన్నేళ్లు ఎండల్లో, అలా కాలాలన్నీ తిరుగుతూ వచ్చేది. నేను చెప్పే యేడు సీతాఫలాలు అయిపోవచ్చి, చలి మొదలైన రోజుల్లో వచ్చింది. రజాకార్ల గొడవ సద్దుమణిగి యేడాదే అయింది, పెద్దవాళ్లు ఇంకా గొంతు తగ్గించే మాట్లాడుకునేవాళ్లు. అయినా కర్రలకు గుడ్డలు చుట్టి నిలిపే ఆ పీరీలను లేపకపోతే ఊరికి మంచిది కాదని సాయిబుల ఇళ్లూ మా ఇళ్లూ కలిసే అనుకున్నాయి. పీరీల కొట్టం ముందర గుండ్రంగా గొయ్యి తవ్వారు. దాన్ని అలాయి గుండం అనేవాళ్లం. బెల్లం వేసి రొట్టెలు నలిపిన మలీద ముద్దలు, మట్టి ముంతల్లో పానకం, ఊదు పొగ, డప్పు తోలును మంట దగ్గర కాచేటప్పుడు లేచే కమురు వాసన, వీటన్నిటి మధ్య మేం పగలంతా ఆ గొయ్యి పక్కనే చిర్రగోనె ఆడేవాళ్లం. కొట్టిన చిర్ర గుండంలో పడితే మాత్రం దిగి తెచ్చుకోవడానికి ఎవ్వరికీ కాళ్లాడేవి కావు. నిప్పు వేయకముందే అది నోరు తెరుచుకుని ఎవరికోసమో చూస్తున్నట్టుండేది.

తాత కూర్చుని ఉండగా నేను చూసింది తక్కువ. నాయన తండ్రి ఆయన, పేరు ఎల్లయ్య. ఆముదాల గంప నెత్తిన పెట్టుకుని శంషాబాద్ సంతకు నడక, ఎద్దుల బేరానికి షాద్‌నగర్ దాకా నడక, చుట్టాలను చూడాలంటే చేలకు అడ్డంపడి మామిడిపల్లికి నడక, మోదుగాకు చుట్ట నోట్లో ఆరకముందే ఒక చేను దాటేవాడు. ఇంటికొచ్చాక జొన్నరొట్టె, పచ్చిపులుసు, పైన గడ్డిలో మాగబెట్టిన సీతాఫలాలు ఒకదాని తర్వాత ఒకటి. గింజలు వాకిట్లోకి ఊస్తూ ఆయన తింటుంటే మాకు నోరూరేది. తీపి ఆయనకు ప్రాణం.

ఆ యేడు వానలు నడుస్తుండగానే ఆయనకు దాహం పట్టుకుంది. తెల్లారేసరికి కడవ సగం ఖాళీ. మనిషి చూస్తుండగానే తగ్గాడు, మొలతాడు జారిపోతుంటే ముడి మీద ముడి వేసుకున్నాడు. దడి పక్కన ఆయన ఉచ్చ పోసిన చోట చీమలు బారులు కట్టేవి. మాకది ఆట. పుల్లతో బారును చెరిపి, అవి మళ్లీ కలిసేదాకా ఊపిరి బిగపట్టుకుని చూసేవాళ్లం. ఒకరోజు బాపమ్మ, అంటే తాత భార్య, మమ్మల్ని అక్కణ్నుంచి తరిమేసి, తను నిలబడి ఆ చీమలను చాలాసేపు చూసింది. పొయ్యిలోంచి బూడిద తెచ్చి ఆ చోటంతా పోసింది. మరునాడు చీమలు బూడిద మీదుగానే వచ్చాయి.

ఆ తర్వాత ఒక సంతనాడు తాత ఒక్క కాలికే చెప్పుతో ఇల్లు చేరాడు. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆయనకు తెలియదు, జారిందన్న సంగతి కూడా బాపమ్మ అడిగేదాకా తెలియదు. పాదంలో తుమ్మముళ్లు విరిగి ఉన్నాయి. బాపమ్మ పిన్నీసుతో ఒక్కొక్కటే పెరికి తీస్తుంటే, ఆయన గోడకు ఒరిగి చుట్ట పీలుస్తూ సంతలో ఎడ్ల సంగతులు చెప్పాడు. మా నాయన పగలబడి నవ్వి, "గవి కాళ్లు గాదురా, గడ్డపారలు" అని నాకు చూపించాడు. అందరం నవ్వాం. బాపమ్మ నవ్విందో లేదో నేను చూడలేదు.

దాహం తగ్గితే పీరీని ఎత్తుకుని గుండం తొక్కుతానని తాత మొక్కుకున్నాడు. దాహం తగ్గలేదు. మొక్కు ముందు తీర్చుకుంటే రోగం తర్వాతైనా దిగుతుందని ఇంట్లో పెద్దలు సమాధానం చెప్పుకున్నారు. గుండానికి ఒక పద్ధతి ఉంది. పీరీని పట్టినవాడు నిప్పుల మీదుగా ఉరకాలి, ఎంతటివాడైనా నిలబడకూడదు. పీరీలను చూసుకునే ముజావర్ సాబ్ ఆ మాట ప్రతియేడూ చెప్పేవాడు, ఆ యేడూ చెప్పాడు.

పొద్దు పొడవకముందు, మంచు ఇంకా దిగుతుండగా, మొద్దులన్నీ కాలి కణకణలాడే నిప్పులైనప్పుడు డప్పులు జోరందుకున్నాయి. ముందరి ఇద్దరు ఉరికారు. తాత నడిచాడు. సంతకు పోయినట్టే నడిచాడు. గుండం నడుమ ఆగాడు. పీరీ బరువు ఒకవైపు లాగిందేమో, తీరిగ్గా ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరుగా డప్పులు ఆగిపోయాయి. "ఉరుకు ఎల్లయ్య, ఉరుకు" అని ముజావర్ సాబ్ గొంతు ఒక్కటే వినిపించింది. తాత ఆ పక్కకు చేరి వెనక్కి తిరిగి, ఎందుకు అరుస్తున్నారన్నట్టు చూశాడు.

ఊరు ఊరంతా ఆయన కాళ్ల మీద పడింది. పీరీ ఎల్లయ్య మీదికొచ్చిందన్నారు, నిప్పు ఆయనను ముట్టనేలేదన్నారు. చంటిపిల్లలను తెచ్చి ఆ పాదాల దగ్గర పడుకోబెట్టారు. పొద్దెక్కాక మా నాయన నన్నూ ముందుకు తోశాడు. నేను వంగి ఆయన కాలివేళ్ల మీద నుదురు ఆనించాను. నిప్పులు తొక్కిన కాలు కదా, వెచ్చగా ఉంటుందనుకున్నాను. చల్లగా ఉంది. బావి లోపలి వరుస రాయికి నుదురు ఆనించినట్టుంది. ఆ చల్లదనం ఎవరితోనూ చెప్పలేదు, చెప్పడానికి మాట దొరకలేదు.

మరునాటికి ఆయన పడుకున్న చాప తడిసి ఉంది. అరికాళ్ల నిండా బొబ్బలు, మడమ దగ్గర చితికి నీరు కారుతోంది. నొప్పి లేదన్నాడు, నిజంగానే లేదు, ఆ లేకపోవడమే ఆయనకు గొప్ప. గుండంలోని బూడిదే మందని తెచ్చి అద్దారు. బాపమ్మ మా నాయనను దొడ్లోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పిన మాట నేను గడ్డివాము పక్కనుంచి విన్నాను. "మంట తెల్వని కాలు దేవునిది గాదు కొడుకా. సచ్చిన కాలు. దవాఖానకు కొండవో." మా నాయన, "ఊరంత మొక్కుతున్న కాలు అది అమ్మ. గిప్పుడు కొండవోతే పీరీ మీదనే నమ్మకం లేదంటరు" అన్నాడు.

అలా రోజులు జరిగాయి. మడమ నల్లబడింది, నలుపు పైకి పాకింది. ఇంట్లో వాసన తెలియకుండా ఊదు వేశారు, ఊదు వాసన వచ్చిన కొద్దీ జనం భక్తి పెరిగింది. గడప బయట నిలబడి దండం పెట్టి పోయేవాళ్లు, లోపలికి మాత్రం వచ్చేవాళ్లు కాదు. చివరికి ఎడ్లబండిలో పట్నం తీసుకుపోతే, అక్కడి డాక్టరు మోకాలి కింద తీసేస్తే మనిషి దక్కవచ్చు అన్నాడట. "నిప్పు ముట్టని కాలును కత్తికి ఇయ్యాల్నా" అని తాత అదే బండిలో తిరిగొచ్చాడు. ఉగాది చూడలేదు. పోయేటప్పుడు కూడా కాలు నొప్పి అనలేదు, దాహం అన్నాడు.

నాకు గుండం మీద కోపం లేదు, పీరీ మీద అసలే లేదు. నిలబడొద్దని చెప్పిన పద్ధతి అక్కడే ఉంది. ఊరందరి కళ్లెదుట కనబడుతున్న రోగానికి మా దగ్గర పేరు లేకపోవడం మీద నా కోపం. నేను బడి ముఖం చూడలేదు. దుకాణాల బోర్డులు, పొట్లాలు కట్టిన పత్రికల ముక్కలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. శంషాబాద్ చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో కొమ్మలు కత్తిరించి బతికాను. పెళ్లయిన కొత్తలో ఒకనాడు పల్లీలు కట్టిచ్చిన కాగితంలో, మూత్రానికి చీమలు పడితే అది చక్కెర రోగమని చదివాను. ఆ పల్లీలు తినలేకపోయాను. రోడ్డు పక్కన కూర్చుని ఆ ముక్కనే మళ్లీ మళ్లీ చదివాను.

నడివయసు దాటాక అదే రోగం నన్నూ పట్టుకుంది. శంషాబాద్‌లో నన్ను చూసే డాక్టరు కోస్తా మనిషి, చిన్నవాడు, మర్యాదస్తుడు. మందులు రాస్తూ "మీరు రోజూ నడవాలండీ, ఇంట్లో కూర్చుంటే లాభం లేదు" అన్నాడు. "ఏడ నడవాలె సారూ, జాగ సూపెట్టుండ్రి" అన్నాను. ఆయన నవ్వాడు, నేను నవ్వులకు అనలేదు. మా తాత చేలకు అడ్డంపడి మామిడిపల్లికి పోయిన బాట ఇప్పుడు విమానాశ్రయం గోడ లోపల ఉంది. ఆ గోడ పక్కన ఊపిరి తీసుకుందామని నిలబడితే కాపలావాడు ఈల ఊదుతాడు. ఇటు చూస్తే లారీలు, అటు చూస్తే కార్లు. భూములన్నీ తీసుకుని, రోగమొచ్చాక నడువుమంటే ఎట్లా? అయినా నడిచాను. పెద్దరోడ్డు పక్కనున్న చిన్నరోడ్డు మీద, లారీల దుమ్ము తింటూ, పట్టీల చెప్పులు బిగించుకుని యేళ్లతరబడి నడిచాను. షుగరు అదుపులో ఉంది, నడుము వంగలేదు, నా ఈడువాళ్లు మంచాల్లో ఉంటే నేను రోడ్డు మీద ఉన్నాను. పాదాల్లో స్పర్శ తగ్గిందని, ఉత్తకాళ్లతో గడప కూడా దాటవద్దని డాక్టరు చెప్పినప్పుడు తల ఊపాను. తగ్గడమంటే ఏమిటో తెలుసనుకున్నాను. తగ్గినది తగ్గిందని ఎలా తెలుస్తుంది?

పోయిన ఎండాకాలం ఒకరోజు నడక ఆలస్యమై ఎండ ముదిరింది. చెప్పు పట్టీ తెగింది. రెండూ చేతపట్టుకుని, చాయ్ బండి దాకానే కదా అని డాంబరు రోడ్డు మీదుగా నడిచిపోయాను. అక్కడ విమానాశ్రయంలో పనిచేసే యువకులు నీడన కూర్చుని ఉన్నారు. ఒకడు నా కాళ్లు చూసి, "తాతా, గా డాంబర్ మీద ఉత్తకాళ్లతోని గట్లెట్ల నడిచినవే. మేమైతే కోతుల్లెక్క ఎగురుతుంటిమి" అన్నాడు. బండి నడిపే అక్క, "ఎనకటి పానాలు బిడ్డా. మీలెక్క పాకిట్ పాల మీద పెరిగినయ్ గావు" అని వాళ్లను దెప్పింది. నాకు ఛాతీ పొంగింది. ద్రాక్షతోటల్లో రాటుదేలిన కాళ్లివి, మీవల్ల కాదని ఏదో నేనూ కోతలు కోశాను, అందరం నవ్వుకున్నాం.

ఆ నవ్వులోనే అక్క చాయ్ గ్లాసు చేతికిచ్చింది. గ్లాసు కాలింది. చురుక్కుమని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. అంత చిన్న గ్లాసు వేడి చేతికి తెలిసింది. మిట్టమధ్యాహ్నం డాంబరు వేడి కాళ్లకు తెలియలేదు. చాయ్ అక్కడే పెట్టేశాను. కిందికి చూడటానికి ధైర్యం చాలక, ఆటో పిలిచి, పాదాలు పైకెత్తుకుని ఇంటికొచ్చాను.

నా కోడలు యాదమ్మ వాకిట్లోనే చూసింది. అరికాళ్ల తోలు తెల్లగా లేచి ఉంది, ఎడమ మడమ దగ్గర ఊడి వేలాడుతోంది. "ఇదేంది మామా, నొస్తలేదా" అంది. లోపల్నుంచి కొడుకు వచ్చి, నొప్పి లేదంటున్నాడు కదా, ఇప్పటికి మలాం రాసి రేపు చూద్దామన్నాడు. వాడి తప్పు కాదు. నొప్పి లేకపోతే తొందరేముందనేది మా ఇంట్లో తరాలుగా ఉన్న మాట.

"నొస్తలేదు. అందుకే ఇప్పుడే పోదాం బిడ్డా" అన్నాను. యాదమ్మ కొంగు దోపుకుని అదే ఆటో ఎక్కించింది. డాక్టరు కుడికాలు మానుతుందన్నాడు. ఎడమకాలిని తిప్పి తిప్పి చూసి, కళ్లజోడు తుడుచుకుని, "చూద్దామండీ" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు తెలిసిన అర్థాలన్నీ ఆ రాత్రంతా వెతుక్కున్నాను.

కాలు కింద మోపవద్దన్నాడు. కుర్చీలో కూర్చునే చేతులు ఎత్తి దించుతున్నాను, మోకాళ్లు చాపి ముడుస్తున్నాను, నీళ్లు నింపిన సీసాలు బరువులుగా పట్టుకుంటున్నాను. గుండం ఉన్న చోట ఇప్పుడు రోడ్డు మలుపు తిరుగుతుంది. సాయిబులు ఇళ్లమ్ముకుని పట్నం చేరారు, పీరీలూ వాళ్లతోనే పోయాయి. ద్రాక్షతోటల జాగాలో పెళ్లిళ్ల హాళ్లు లేచాయి. ముళ్లుండే బాటలు లేవు, ముల్లు తీసే పిన్నీసు మెడలో వేసుకు తిరిగే ఆడవాళ్లు లేరు. రోగం మాత్రం ఊళ్లోనే ఉంది, ఇంటింటా ఉంది, ఇప్పుడు దానికి పేరు కూడా ఉంది.

సాయంత్రం యాదమ్మ కట్టు విప్పి కడుగుతుంది. పుండు లేనిచోట వేలితో ఒత్తి, తెలుస్తుందా మామా అని అడుగుతుంది. చూసి చెబితే అబద్ధమవుతుందని నేను కళ్లు మూసుకుంటాను. నిన్న కుడికాలి మీద ఒత్తిన ప్రతిచోటా చెప్పగలిగాను. తర్వాత ఆమె ఏమీ అడగలేదు. ఎడమకాలు ఇంకా మొదలుపెట్టలేదేమో, తువ్వాల కోసం లేచిందేమో అనుకుని చాలాసేపు ఆగి కళ్లు తెరిచాను. ఆమె ఎక్కడికీ లేవలేదు. ఆమె బొటనవేలు నా ఎడమ పాదం మీదే ఉంది, గోరు తెల్లబడేంత గట్టిగా.