మైకు పిన్ని ప్రసంగం

మా పిన్నిని ఊళ్ళో చాలామంది చూడలేదు గానీ, ఆవిడ గొంతు గుర్తుపట్టనివాళ్ళు లేరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో బస్టాండు మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. అద్దాల గదిలో కూర్చుని రిటైరయ్యేదాకా అదే చెప్పింది. వరసకు అక్కలయ్యేవాళ్ళు కూడా ఆవిడను మైకు పిన్ని అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. మా అమ్మ పోయాక నా దగ్గరే ఉంటోంది.

మొన్నామధ్య గొంతులో క్యాన్సర్ పుండు బయటపడింది. డాక్టరు నాన్చకుండా చెప్పేశాడు. స్వరపేటిక తీసేయాలి, ఇక మాట ఉండదు. ఆపరేషన్ సోమవారం. దానికి ముందు శనివారమే లైబ్రరీలో పిన్ని ప్రసంగం.

ఆ లైబ్రరీలో నెలకోసారి ఉపన్యాసం పెడతారు. మాట్లాడేది ఊళ్ళో ఆడవాళ్ళే, వినేది వయసు మళ్ళినా ఇంకా ఏదో నేర్చుకోవాలనుకునేవాళ్ళు. కునుకు తీయడానికి మంచి చోటని నేను వెక్కిరించేదాన్ని. పిన్ని మాత్రం ఒక్కటీ మానేది కాదు. తనకు పిలుపు వచ్చిన రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

"ఇన్నేళ్ళూ మైకులో మాట్లాడాను గానీ, అందులో నా మాట ఒక్కటీ లేదే. ఈ ఒక్కసారి నాది నేను చెప్పుకుంటాను" అంది.

రోజూ తలుపు వేసుకుని సాధన చేసేది, నన్ను దరిదాపులకు రానిచ్చేది కాదు. జబ్బు సంగతి లైబ్రరీవాళ్ళ చెవిన వేద్దామంటే ససేమిరా అంది. జాలిపడి వింటే అది విన్నట్టు కాదట.

అక్కడ ఒక పద్ధతి ఉంది. పోయిన నెల మాట్లాడినావిడే ఈ నెల మాట్లాడేవారిని పరిచయం చేయాలి. ఈసారి ఆ వంతు తేనెటీగలు పెంచే మేడానిది. మంచి మనిషి, అదే వచ్చిన చిక్కు. ముందే మా ఇంటికొచ్చి పిన్నిని కూర్చోబెట్టి అన్నీ అడిగి తెలుసుకుంది. తీరా శనివారం నాడు అవన్నీ తనే చెప్పేసింది. తప్పిపోయిన పిల్లాణ్ణి ముద్దుపేరు పెట్టి పిలిచిన కథ, పెళ్ళివారంతా వేరే ఊరి బస్సెక్కేసిన కథ. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పిన్ని కూడా నవ్వింది గానీ, చేతిలో రుమాలు నలిపేస్తోంది. నాకు ఒళ్ళు మండింది. ఇక చాలని సైగ చేశాను. మేడం నాకు చెయ్యూపి ఇంకో కథ అందుకుంది.

పిన్ని లేచేసరికి తర్వాతి కంప్యూటర్ క్లాసువాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. లైబ్రేరియన్ నొచ్చుకుంటూ, వచ్చే నెల సమయమంతా మీదేనని, ఇప్పటికి రెండు ముక్కలు చెప్పమని అన్నాడు. పిన్ని మైకు అందుకుని గొంతు సవరించుకుంది.

"నేను..." అంది.

వెనక వరసలో ఒక పెద్దాయన లేచాడు. "అమ్మా, ఆ బస్సు మాట ఒక్కసారి అనవూ. విని ఎన్నాళ్ళయిందో."

అందరూ చప్పట్లు కొట్టారు, ప్రేమగానే. పిన్ని నా వైపు చూసింది. నిజం చెప్పెయ్యమని కళ్ళతోనే బతిమాలాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, మైకు దగ్గరికి తీసుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. రెండవ నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది."

గొంతు బొంగురుపోయినా ఆ తీరు పోలేదు. చప్పట్లు ఆగేలోపే కంప్యూటర్ క్లాసువాళ్ళు కుర్చీలు జరపడం మొదలుపెట్టారు.

నాకు ఏడుపొచ్చింది. ఆటోలో, అసలు ఏం చెబుదామనుకున్నావని అడిగాను.

"వాళ్ళతో చెప్పాల్సింది నీతో చెబితే ఏం లాభమే" అంది.

మర్నాడు ఆస్పత్రిలో చేర్చాం.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక, ఇప్పుడు మంచం పక్కన ఒక పలక ఉంటుంది. వచ్చే నెల ప్రసంగం ఏ శనివారం పెట్టమంటారని లైబ్రరీ నుంచి ఫోనొచ్చింది. సంగతి చెప్పి పెట్టేశాను. నిన్న ఉండబట్టలేక, ఆ రోజు చెప్పాలనుకున్నది నాకైనా రాసి చూపించు పిన్నీ అన్నాను. బలపం పట్టుకుని అలాగే కూర్చుంది. కాసేపటికి "పాలు దించావా" అని రాసి, పలక నా చేతికిచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది.