బోర్డు మీద లేని కార్డు

పోయిన ఆదివారం అలమారా దులుపుతా ఉంటే ఒక పాత ఇంగ్లీషు నవల చేతికి తగిలింది. తెరిస్తే సగం దగ్గర, పేజీ మీద బొటనవేలంత గ్రీజు మరక. ఆ పేజీ దాటి నేను ఈ రోజుకీ చదవలేదు.

లోకం అంతమైపోయినాక మిగిలిన ఒకే ఒక్క మనిషి కథ అది. నా మొదటి ఉద్యోగం రోజుల్లో అట్లాంటివే చదివేదాన్ని. మా బంగారు గనుల ఊరు కేజీఎఫ్ నుంచి కోలారు పక్కనుండే నరసాపురానికి కంపెనీ బస్సులో పోతా, వస్తా, ఫ్యాక్టరీలో సందు దొరికినప్పుడల్లా, ఒకటి ముగిస్తే ఇంగొకటి. ఊళ్ళు ఖాళీ, రోడ్లు ఖాళీ, ఆకాశం నుంచి బూడిద. అది చదివితే నాకు హాయిగా ఉండేదంటే నవ్వుతారేమో! ఆ లోకంలో ఫోను మోగదు కదా. మా సూపర్‌వైజర్ గంటకు నాలుగు తూర్లు చేసేవాడు. "ఏనమ్మా, లైను యాల నిలిచింది?" ఆ గొంతు వింటే చాలు, అన్నం సయించేది కాదు, నిద్ర పట్టేది కాదు. "ఆ పుస్తకంలో ఏముండాదమ్మా?" అని తాత ఒకసారి అడిగినాడు. ఊరంతా పాడుబడి గాలి తప్ప ఏమీ మిగల్లేదు తాతా అన్నాను. మా కిటికీలోంచి కనపడేది మూతబడిన గని, దాని పక్కన తెల్లటి మట్టి దిబ్బ. "దానికి పుస్తకం యాల? కిటికీ తీస్తే సాలదా?" అన్నాడు.

తాత ఆ గనిలోనే బిళ్ళల గుమాస్తాగా చేసినాడు. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను తాత దగ్గర తగిలించి పోవాల, పైకొచ్చినాక తీసుకోవాల. ఒక్క బిళ్ళ మిగిలినా తాత కుర్చీలోంచి లేచేవాడు కాదంట. గని మూసినా ఆ అలవాటు పోలా. సాయంత్రమైతే అందరం వచ్చినామా అని గడపలో కూర్చుని చూసేవాడు. "ఉండేది ముగ్గురం, దీనికీ హాజరు పట్టీనా!" అని అవ్వ ఎగతాళి చేసేది.

విచిత్రమేమంటే నాకూ అదే పని పడింది. మా ఫ్యాక్టరీలో పెయింట్ ఓవెన్ ఉండేది, లారీ పట్టేంత ఇనుప గది. రంగేసిన సామాన్లు అందులో వేడికి ఆరతాయి. రోజూ మధ్యాహ్నం దాన్ని చల్లార్చి, మనుషులు లోపలికి పోయి గోకి శుభ్రం చేస్తారు. పోయేవాడు వాకిలి పక్కన బోర్డుకుండే కొక్కీకి తన కార్డు తగిలించాల, బయటికొస్తే తీసుకోవాల. బోర్డు ఖాళీ అయితేనే నేను స్విచ్చి వెయ్యాల. ఇది చెబితే తాత మురిసిపోతాడనుకున్నాను. "కొక్కీని నమ్మొద్దమ్మా, మనిషిని సూడు," అని మాత్రం అన్నాడు.

ఒక దినం నలుగురు లోపలికి పోయినారు. ముగ్గురు వచ్చి కార్డులు తీసుకున్నారు. నాలుగోది ఫ్యాను గాలికి ఊడి కింద పడింది. వంగి తీసినాను. తగిలించబోతుంటే ఫోను. "ఇంగా ఎంతసేపమ్మా?" ఒక చేతిలో నవల, ఇంకో చేతిలో కార్డు, చెవికీ భుజానికీ నడుమ ఫోన్లో ఆ గొంతు. ఏ చెయ్యి ఏం చేసిందో నాకు తెలీదు. పుస్తకం మూసి బోర్డు చూసినాను. ఖాళీగా ఉంది. స్విచ్చి వేసినాను.

ఓవెన్ గుర్రుమని మొదలయ్యింది. అమ్మయ్య అనుకుని కూర్చుని, ఆపిన చోట పుస్తకం తెరిచినాను. పేజీల మధ్య, గ్రీజు అంటిన ఆ కార్డు ఉంది.

అరిచినానో లేదో గుర్తులేదు. ఎర్ర బటన్‌ను రెండు చేతులా గుద్దినాను. తలుపు లాగితే వేడిగాలి మొహాన కొట్టింది. ఆ చివర నుంచి నాలుగో మనిషి, పని కోసం ఒడిశా విడిచి వచ్చినాయన, గోకుడు రేకు పట్టుకుని, చెమటలు కారుస్తా నడిచొచ్చినాడు. మొహమంతా కందిపోయింది. "బిసి ఆయ్తు మేడం," అన్నాడు వచ్చీరాని కన్నడంలో. వేడెక్కిందంట! అదేదో తన తప్పయినట్టు నవ్వినాడు కూడా. కార్డు చేతికిచ్చినాను. నిజం మాత్రం నోరు దాటి రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఇంటికొచ్చి తాత ముందర కూలబడి అంతా చెప్పి ఏడ్చినాను. తిడతాడనుకున్నాను. "వాని పేరేందమ్మా?" అన్నాడు. నాకు తెలీదు. నంబరు తెలుసు. ఆరు నెలలుగా రోజూ నా ముందరే ఆ గదిలోకి పోయే మనిషి. "నాకు ప్రతి బిళ్ళకీ పేరు తెలుసు. బిళ్ళ పడిపోతాది తల్లీ. పేరు పెట్టి పిలిస్తే మనిషి పలుకుతాడు," అన్నాడు తాత.

మరుసటి దినం ఆయన దగ్గరికి పోయి, జరిగింది జరిగినట్టు చెప్పి, పేరు అడిగినాను. ఈసారి ఆయన నవ్వలేదు. చేతిలో రేకు పక్కన పెట్టి, పేరు చెప్పినాడు. అప్పటి నుంచి ఫోను ఎంత మోగినా సరే, ఓవెన్ వాకిట్లో నిలబడి ఒక్కొక్కరినీ పేరుతో పిలిచేదాన్ని. నలుగురూ నా ఎదురుగా పలికినాకే స్విచ్చి. "ఇదేమన్నా ఇస్కూలా?" అని సూపర్‌వైజర్ మండిపడేవాడు. పడనీ అనుకున్నాను.

తాత పోయినాడు. ఆ ఉద్యోగమూ ఎప్పుడో వదిలేసినాను. నవలలో ఆ చివరి మనిషి ఏమైనాడో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. మరక మీద వేలు పెట్టి చూసి, పుస్తకాన్ని మళ్ళీ అలమారాలోకే తోసేసినాను. ఇన్నేళ్ళ దినాలన్నీ తమ కార్డులు తీసుకుని బయటికి పోయినాయి. ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం ఇంగా లోపలే ఉండాది.