బాలన్న కట్టిన కార్టన్

మా కంపెనీలో ఎవరు ఇంటికి వెళ్తున్నా కార్టన్ కట్టేది బాలన్నే. ఇంకెవరైనా కడితే అది హైదరాబాదు విమానాశ్రయంలో పొట్ట పగిలి బెల్టు మీదికి వస్తుందని మా వాళ్ళ నమ్మకం. ఒకసారి నా కార్టన్ అలాగే వచ్చింది. పాలడబ్బా మూత ఊడిపోయి మా ఆవిడ చీరలన్నీ తెల్లటి పొడిలో మునిగాయి. కస్టమ్స్ వాడు ఆ పొడి వేలితో ముట్టుకుని నా మొహం చూసిన చూపు నేను ఈ జన్మలో మర్చిపోను. అప్పట్నుంచి నేనూ బాలన్న చేతే కట్టించుకుంటున్నాను.

బాలన్నది జగిత్యాల జిల్లా. రియాద్‌లో ఒక పెద్ద కాలేజీలో ఏసీలు, నల్లాలు, లిఫ్టులు చూసే కాంట్రాక్టు మా కంపెనీది. బాలన్న అక్కడ ఏసీ మెకానిక్. నాది తణుకు, అదే కాలేజీలో కంపెనీ స్టోరు చూస్తాను. మా అందరి మకాం సులైలో, గోడౌన్ల మధ్య ఉన్న క్యాంపులో. పొద్దున్నే కంపెనీ బస్సు మమ్మల్ని కాలేజీ వెనక గేటు దగ్గర దింపుతుంది. ముందు గేటులోంచి విద్యార్థులు కార్లలో వస్తారు. మేము ముందు గేటుకి వెళ్ళేది దాని లైట్లు మార్చడానికే.

బస్సు నడిపేది జిలానీ, రాయచోటి మనిషి. బాలన్న మాట మొదలుపెడితే ఆపడు, జిలానీ నోరు విప్పడు. అందుకే ఇద్దరికీ బాగా కుదిరింది. వాళ్ళిద్దరికీ కలిపి మా వాళ్ళు ‘శాంతి సంఘం’ అని పేరు పెట్టారు. గౌరవంతో పెట్టిన పేరు కాదది, ఎగతాళికి పెట్టింది. అది ఎందుకొచ్చిందో చెప్పాలంటే ముందు నయీమ్ గురించి చెప్పాలి.

నయీమ్ జిలానీకి అక్క కొడుకు. బాలన్న గదిలోనే, బాలన్న పై మంచం వాడు. కాలేజీ క్యాంటీను వెనక మేము మధ్యాహ్నం తిండి తినే చోటికి ఒక ఏజెంటు వస్తుండేవాడు. ఇస్త్రీ చొక్కా, అత్తరు వాసన, తియ్యటి హిందీ. చదువుకునే పిల్లల వైపు వాడు కన్నెత్తి చూడలేదు, వాళ్ళకి వాడితో పనేముంది? మా పక్కన కూర్చునేవాడు. ఎక్కడో మంచు దేశంలో యుద్ధమట, అక్కడి సైన్యానికి హెల్పర్లు కావాలట, వంట చేయడం, సామాను మోయడం అంతేనట, తుపాకీ ముట్టుకునే పనే లేదట, ఏడాది తిరిగేసరికి ఆ దేశపు పాస్‌పోర్టే చేతిలో పెడతారట. ఇవన్నీ ఫోన్లో వీడియోలు వేసి మరీ చూపించేవాడు. ఆ దేశం పేరు నేను రాయను, రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ యుద్ధానికి మా వాళ్ళు చావాలా?

నయీమ్ వెళ్ళాడు. కొద్ది వారాలకి జిలానీ ఫోన్‌కి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. "మామా, వంటా లేదు ఏమీ లేదు. చేతికి తుపాకీ ఇచ్చినారు. రేపు ముందుకు పంపిస్తారంట. అమ్మకు సెప్పొద్దు మామా." ఆ తర్వాత ఆ నంబరు మోగలేదు. జిలానీ అక్క హుస్సేన్‌బీ ప్రతి శుక్రవారం ఫోన్ చేసి పిల్లోడు మాట్లాడినాడా అని అడుగుతుంది. "ఆడ సిగ్నల్ ఉండదులే అక్కా" అంటాడు జిలానీ. అలా అన్న ప్రతిసారీ బాలన్న అతన్ని తిట్టేవాడు. "కన్నతల్లికి అబద్ధం చెప్తవా? ఎన్నాళ్ళు చెప్తవ్?" అని. మరుసటి శుక్రవారం జిలానీ మళ్ళీ అదే మాట చెప్పేవాడు.

నయీమ్ ఆచూకీ లేకపోయినా ఏజెంటు మాత్రం మళ్ళీ వచ్చాడు. అదే చొక్కా, అదే నవ్వు. అప్పుడు మొదలైంది శాంతి సంఘం.

సులై నుంచి కాలేజీకి వచ్చేదాకా బస్సులో జనం ఎక్కడికీ పోలేరు కదా. బాలన్న సీట్ల మధ్య కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. జిలానీ తన ఫోన్‌ని బస్సు స్పీకరుకి కలిపి నయీమ్ గొంతు వినిపించేవాడు. మొదటిరోజు అందరూ ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. "ఇన్నరు గదా," అన్నాడు బాలన్న. "మన పోరడే. నా మీది మంచం మీద పండేటోడు. ఆ ఏజెంటుగాడు మళ్ళొచ్చిండు. ఎవ్వరన్న వాని మాట ఇన్నరనుకో, ముందుగాల నా కాడికి రాండ్రి."

రెండో వారానికి కొందరు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు. ఒక ప్లంబరు వెనక సీట్లోంచి, "బాలన్నా, నీ శాంతి సంఘంల చేరితె జీతం పెరుగుతదా?" అని అడిగాడు. బస్సంతా నవ్వింది. బాలన్నా నవ్వాడు. "జీతం పెరగది గని కాళ్ళు చేతులు ఇంటికొస్తయి. గదే బోనస్" అన్నాడు.

సంగతి సూపర్‌వైజరు చెవిన పడింది. ఈ దేశంలో మీటింగులు, ఉపన్యాసాలు కుదరవు, బస్సు కంపెనీది, ఇంకోసారి వింటే ఇద్దరికీ ఖురూజ్, అంటే ఫైనల్ ఎగ్జిట్, కొట్టి ఇంటికి పంపేస్తాను అన్నాడు. అతన్నీ తప్పు పట్టలేం, అతని పైన ఇంకొకడు ఉంటాడు. బస్సులో స్పీకరు ఆగిపోయింది. నయీమ్ ఆచూకీ కోసం మన ఎంబసీతో మొదలుపెట్టి ఫోన్ చేయాల్సిన ఆఫీసులన్నిటికీ నేనే ఫోన్ చేశాను. ఓపికగా విన్నారు, పేరు రాసుకున్నారు. ఏజెంటు గురించి కాలేజీ గేటు వాళ్ళని అడిగితే, చాయ్ తాగడానికి వచ్చే మనిషిని ఏమని ఆపాలి అన్నారు.

ఇక బాలన్నకి ఒకటే దారి మిగిలింది. మధ్యాహ్నం ఏజెంటు ఎక్కడ కూర్చుంటే వాడి పక్కనే కూర్చునేవాడు. వాడు వీడియో తీయగానే ఈయన నయీమ్ పేరెత్తేవాడు. ఏజెంటుకి కోపమే వచ్చేది కాదు. "చాచా, చాయ్ పీయో" అని ఈయనకే చాయ్ తెప్పించేవాడు. ఆ చాయ్ వద్దంటే లేచిపోవాలి, లేచిపోతే వాడికి అడ్డు ఉండదు. అందుకని బాలన్న విషం మింగినట్టు మొహం పెట్టి ఆ చాయ్ తాగేవాడు.

ఇంత కాపలా కాసినా గంగాధర్ వాడి మాటలు విన్నాడు.

గంగాధర్ బాలన్న పక్క ఊరివాడు, బాలన్నని కాక అని పిలిచేవాడు. డిగ్రీ చదివాడు. కరీంనగర్‌లో మన మిలిటరీ ర్యాలీకి వెళ్ళి పరుగులో అందరికంటే ముందొచ్చాడట, ఛాతీ కొలత చాలలేదని వెనక్కి పంపారు. ఆ దెబ్బ వాడి మనసులోంచి పోలేదు. ఇక్కడికొచ్చి తన ఈడు పిల్లలు చదువుకునే క్లాసుల్లో ఏసీ ఫిల్టర్లు కడిగేవాడు. ఒకరోజు ఏసీ చిల్లర్ మిషన్ల దగ్గర బాలన్న వాణ్ణి నిలదీస్తుంటే నేనూ అక్కడే ఉన్నాను.

"కాక, నిచ్చెనెక్కి పని చేస్తుంటె పోరగాండ్లు నిచ్చెన కిందికెల్లే పోతరు. మీద మనిషున్నడని సూడరు," అన్నాడు గంగాధర్. "ఆడికి పోతె యూనిఫామన్న ఇస్తరు."

"ఇస్తరు. దాంట్లనే పెట్టి పూడుస్తరు," అన్నాడు బాలన్న.

వాడు ఫిల్టర్లు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు బాలన్నకి ఎదురుపడకుండా తిరిగాడు. కాంట్రాక్టు ముగిసే నెలలో ఒకరోజు తనంతట తనే గదికి వచ్చి, "ఇంటికి పోతున్న కాక. ఫైనల్ ఎగ్జిట్ పెట్టిన. అవ్వ సంబంధం సూసిందట" అన్నాడు.

బాలన్న నమ్మలేదు. వాడు వెళ్ళాక నన్నూ జిలానీనీ కూర్చోబెట్టాడు. "సామాను ఇచ్చి సూద్దాం. తీసుకుంటె ఇంటికే. తీసుకోకపోతె జిలానీ, నువ్వు బస్సు అడ్డం పెట్టు."

ఇందులో సంగతేమిటంటే, మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఇంటికి వెళ్తున్నారంటే గదిలో ప్రతివాడూ ఒక పొట్లం తెచ్చి ఇస్తాడు. ఒకడు సబ్బులిస్తే ఇంకొకడు ఖర్జూరం, నొప్పుల నూనె, సెంటు సీసా ఇస్తాడు. వెళ్ళేవాడు తన కార్టన్‌లో సగం వాటికే వదలాలి. కాదన్నాడా, మూడు మండలాల్లో వాడి పేరు చెడుతుంది. ఒకసారి తీసుకున్నాక ఆ పొట్లం ఆ ఇంటి గడపలో చేరాల్సిందే. పెళ్ళికొడుకు వేషంలోనే బండెక్కి వెళ్ళి ఇచ్చొచ్చినవాడిని నేనెరుగుదును. పక్కవాడి పొట్లం పెట్టుకుని ఇంకో దేశం పోయినవాణ్ణి మాత్రం మేమెవరం చూడలేదు.

శుక్రవారం అందరూ పొట్లాలు తెచ్చారు. గంగాధర్ కాసేపు తటపటాయించాడు. తర్వాత ఒక్కోటీ రెండు చేతులా అందుకుని, ఎవరి ఇంటికో అడిగి, మీద పేరు రాసుకున్నాడు. చివరికి బాలన్న తన భార్య జయ కోసం కొన్న దుప్పటి తెచ్చాడు. ఎర్ర గులాబీల మందపాటి దుప్పటి.

"కాక, ఇది పట్టదే."

"నువ్వు పట్టదంటె నేను పట్టిస్త."

బాలన్న దాన్ని బొంగరం తాడులా బిగించి చుట్టి, కార్టన్‌లో పెట్టి, దాని మీద కూర్చున్నాడు. గంగాధర్ పగలబడి నవ్వాడు. అంత హాయిగా వాడు నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. టేపు వేసి, నైలాన్ తాడు నాలుగు వైపులా లాగి కట్టి, మీద మార్కరుతో వాడి పేరూ ఊరూ పెద్దక్షరాల్లో రాశాడు బాలన్న. ఆ రోజు ఆయనే మటన్ వండాడు. జిలానీకి బొమిక ముక్కలు ఏరి వేశాడు. "ఒక్కడన్న మిగిలిండు జిలానీ" అన్నాడు. జిలానీ కళ్ళు తుడుచుకున్నాడు. ఉప్పెక్కువైనా మాకెవరికీ తెలియలేదు.

వెళ్ళేరోజు జిలానీ దింపుతానంటే, దోస్తు కారుంది, సెలవురోజు నీకెందుకన్నా శ్రమ అన్నాడు గంగాధర్. వెళ్తూ బాలన్న కాళ్ళు మొక్కాడు.

వారం గడిచాక జయ ఫోన్ చేసింది. దుప్పటి ఇచ్చి పంపానన్నావు, ఎవరూ రాలేదేమని. "వస్తడు, సుట్టాలను సూసుకోవద్దా?" అన్నాడు బాలన్న. మిగతా వాళ్ళ ఇళ్ళకీ చేరలేదని తెలిసింది. గంగాధర్‌కి ఫోన్ చేస్తే కలవలేదు. ఏజెంటు ఆ వారమంతా క్యాంటీను వైపు రానేలేదు.

తర్వాతి శుక్రవారం బాలన్నకి గంగాధర్ తల్లి ముత్యవ్వ ఫోన్ చేసింది. గదిలో మేము ముగ్గురమే ఉన్నాం. స్పీకర్లో ఆమె గొంతు సంతోషంతో ఊగిపోతోంది.

"తమ్మీ, మావోడు వేరే దేశంల పెద్ద కొలువు వట్టిండట. సర్కారు కొలువట. యూనిఫాం ఏసుకొని ఫోటువ పంపిండు. మిలిట్రీల తీసుకోలేదని ఎంత ఏడ్సిండో నీకెరికె గదా. ఊరందరికి సూపెట్టిన."

బాలన్న నోరు తెరిచాడు. బస్సెడు మందికి చెప్పినవాడు, ఏజెంటు మొహం మీదే చెప్పినవాడు. నేనూ జిలానీ ఆయన మొహం వైపే చూస్తున్నాం.

"గాని తమ్మీ, బాగా సలి దేశమట," అంది ముత్యవ్వ. "ఒక్క దుప్పటన్న కొంటపోయిండో లేదో. ఏం కప్పుకుంటడో. నాకు గదొక్కటే రంది."

"మంచిగ సూసుకుంటరక్కా," అన్నాడు బాలన్న.

ఫోన్ పెట్టేసి జిలానీ చెయ్యి పట్టుకున్నాడు. "నిన్ను తిట్టిన గదరా ఇన్ని రోజులు" అన్నాడు.  నాకు ఏడుపొచ్చింది, ఎవరిని తిట్టాలో తెలియక గోడని గుద్దాను. చెయ్యి వాచింది, అంతే.

ఆ నెలంతా బాలన్న ఆ ఆఫీసులకే ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. విన్నారు, ఈ పేరు కూడా రాసుకున్నారు. ఏజెంటు మళ్ళీ వచ్చి, బాలన్నని చూసి ఎప్పట్లాగే చాయ్ చెప్పాడు. బాలన్న తాగాడు. మరి వాడి ముందు కొత్తగా వచ్చిన ఇద్దరు పిల్లలు కూర్చుని ఉన్నారు.

రెండో నెల దాటాక జయ మళ్ళీ ఫోన్ చేసింది. బస్సు కదలడానికి ఇంకా టైముంది. బాలన్న ముందు సీట్లో కూర్చుని ఫోన్ స్పీకర్లో పెట్టాడు. జిలానీ స్టీరింగు దగ్గర, నేను మెట్టు మీద ఉన్నాం.

"కార్టన్ వచ్చింది," అంది జయ.

బాలన్న లేచి నిలబడ్డాడు. "గంగాధర్ వచ్చిండా?"

"మనిషెవ్వరు రాలె. కార్గో బండిల వచ్చింది. మన ఇంటి పేరు మీదనే ఏసిండు. అందరియి ఎవలయి వాళ్ళకు పేర్లు రాసి ఉన్నయి. సబ్బులు, సెంటు, నూనె, ఒక్కటి పోలేదు. నీ దుప్పటొక్కటే లేదు. తాడిప్పి మళ్ళ కట్టినట్టున్నది. కార్గోల ఎవలన్న కొట్టేసిన్రేమో."

విమానం ఎక్కబోయే ముందు రియాద్ బత్హా బజార్లో ఏదో కార్గో కొట్టు దగ్గర ఆగి, బాలన్న వేసిన ముళ్ళన్నీ విప్పి, మాట తప్పకుండా అందరి పొట్లాలూ ఇంటికి పంపి, అది ఒక్కటీ తీసుకున్నాడు వాడు. మా ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. జిలానీ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

"ఎవ్వరు కొట్టెయ్యలేదు జయా. నీకు ఇంకోటి పంపిస్త," అని బాలన్న ఫోన్ పెట్టేశాడు. బస్సు నిండుతోంది. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. ఆయన స్పీకరు తీయకుండానే ముత్యవ్వ నంబరు నొక్కాడు.

"అక్కా, బాలన్నను మాట్లాడుతున్న. నీ కొడుకు కాడ దుప్పటున్నది. మందపుది. నేనే ఇచ్చిన."

అవతల ముత్యవ్వ గట్టిగా ఊపిరి వదలడం మా అందరికీ వినిపించింది.

"సల్లగుండు తమ్మీ," అంది. "ఇగ నాకు రంది లేదు."