బావగారి కండెమ్ కమిటీ

ఆ ఇంట్లోంచి చీపురుపుల్ల బయటికి వెళ్లాలన్నా ముగ్గురి సంతకాలు కావాలి. అది బావగారి రూలు. పెద్దాసుపత్రి స్టోర్సులో ముప్పై రెండేళ్లు కీపరుగా పనిచేసి రిటైరైన మనిషి ఆయన. అక్కడ మంచం కోడు విరిగినా, బకెట్టుకు చిల్లు పడినా ఊరికే పారెయ్యడానికి వీల్లేదు. ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చోవాలి, వస్తువును ఎదురుగా పెట్టుకుని పరీక్షించాలి, ఇక ఇది పనికిరాదని రాసి సంతకాలు చెయ్యాలి. దాన్నే కండెమ్ చెయ్యడం అంటారు. ఆ తరవాత గేటు దగ్గర వేలం. రిటైరైన రోజున బావగారు స్టోర్సు తాళాలు అప్పజెప్పారు గాని ఈ పద్ధతిని మాత్రం ఎవరికీ అప్పజెప్పకుండా ఇంటికి తెచ్చేసుకున్నారు.

ఇంట్లో కమిటీకి ఆయనే చైర్మన్. ఆయన భార్య మెంబరు. ఆవిడ తమ్ముడు, అంటే బావగారికి ఒక్కగానొక్క బావమరిది, మెంబరు కమ్ సెక్రటరీ. మినిట్స్ రాయడం అతని పని. ముప్పై నాలుగేళ్ల ఆ బావమరిది చదువుకునే రోజుల్లో అన్ని పరీక్షలకీ కలిపి రాసినదానికంటే ఎక్కువ, ఈ ఏడాదిన్నరలో జల్లెళ్ల గురించీ కుర్చీల గురించీ రాశాడు.

కమిటీ ముందుకొచ్చిన ప్రతి వస్తువునూ మూడు ప్రశ్నలు అడగాలి. ఆఖరుసారి ఎప్పుడు పనిచేశావు? నువ్వు లేకపోతే ఈ ఇంట్లో ఎవరి పని ఆగుతుంది? నీ పని చేసిపెట్టేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? బావగారు కళ్లజోడు సర్దుకుని, వస్తువు కేసి చూస్తూ నిజంగానే అడిగేవారు. అడిగి, న్యాయంగా ఒక నిమిషం ఆగేవారు. ఆ నిమిషమంతా అక్క గోడ కేసి చూస్తూ కూర్చునేది. "సమాధానం లేదు అని రాసుకో," అనేవారు ఆయన, ఏ పాత ఫ్లాస్కో తనకు ఎదురు తిరిగినంత బాధగా.

అసలు ఆ ఇల్లు అంతలా నిండడానికి కారణం కూడా ఆయనే. సొంత ఆఫీసు వేలంలో స్టోర్సు వాళ్లు పాట పాడకూడదని నిబంధన. బావగారు దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. కాని పక్క ఆఫీసుల వేలాల్లో పాడకూడదని ఎక్కడా రాసి లేదు. అందుకని ఊళ్లో ఏ ఆఫీసు ఏది పారేసినా అది బావగారింటికే చేరేది. పదకొండు ఇనుప స్టూళ్లు, కంటిపరీక్ష బోర్డు, ఒక చక్రాల కుర్చీ, 'నిప్పు' అని ఎర్రరంగుతో రాసిన ఆరు బకెట్లు, మూతబడిన సినిమాహాల్లోంచి ఒకదానికొకటి అతుక్కుని ఉన్న నాలుగు కుర్చీలు. అక్క ఇరవై ఏళ్లపాటు తన ఇంట్లో తాను పక్కవాటుగా నడిచింది.

అలాంటి మనిషి ఉన్నట్టుండి సామాను తగ్గించడం మొదలుపెట్టారు. ఎందుకో తెలిసినవాళ్లు ఇంట్లో ముగ్గురే.

బావమరిది మూడేళ్ల కిందట ఒక పెద్ద ఆఫీసు ఎదురుగా జిరాక్స్, బైండింగు షాపు పెట్టాడు. సహకార బ్యాంకులో అప్పు తీసుకున్నాడు, బావగారు హామీ సంతకం పెట్టారు. షాపు పెట్టిన ఆరో నెల్లో ఆ ఆఫీసు ఊరికి ఆ చివరికి మారిపోయింది. జనం పోయారు, అద్దె మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏడాది ఈడ్చి, షాపు మూసేసి, జిరాక్స్ మెషిన్ని తెచ్చి అక్కావాళ్ల వీధిగదిలో పెట్టి, దానిమీద దుప్పటి కప్పి, అతను ఒక వకీలు దగ్గర టైపిస్టుగా చేరాడు. అప్పుడొచ్చింది బ్యాంకు ఉత్తరం, నేరుగా బావగారి పేరు మీద. ఏడాదిన్నరలో మొత్తం కట్టకపోతే ఇల్లు వేలానికొస్తుందని దాని సారాంశం.

ఆ ఉత్తరం చదువుతున్న బావగారి ఎదురుగా అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉత్తరం పంపుతున్నామని బ్యాంకువాళ్లు ముందే చెప్పారు గనక, బావగారు ఏమంటారో, దానికి తానేం చెప్పాలో రెండు రోజులు ఆలోచించి సిద్ధం చేసుకున్నాడు. బావగారు రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. తరవాత ఇల్లంతా ఓసారి కలయజూశారు.

"సామాను మరీ ఎక్కువైపోయిందోయ్ ఇంట్లో. మనిషన్నవాడు ఇంత సామానుతో బతక్కూడదు," అన్నారు.

అంతే. ఆ రోజు మొదలు, ఆ అప్పు గురించి ఆయన నోటివెంట ఒక్క మాట వస్తే ఒట్టు. తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించేది. తిట్టనివాళ్ల ఇంట్లో అన్నం తినడం చాలా కష్టం.

వీధిలో మాత్రం బావగారు ఊరుకోలేదు. నిరాడంబర జీవితం మొదలుపెట్టానని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకొచ్చారు. టైమెంతని అడిగితే మనిషికి రెండు చొక్కాలు ఎందుకు చాలవో చెప్పమని నిలదీసేవారు. జనం ఆయన వస్తుంటే సందు మార్చేవాళ్లు. నెల తిరిగేసరికి ఆయనకు 'కండెమ్ గారు' అని పేరు స్థిరపడింది.

మొదట స్టూళ్ల విచారణ జరిగింది. మనుషులు ముగ్గురు, వచ్చేపోయేవాళ్లకి ఒకటి, వెరసి నాలుగు చాలు, ఏడు కండెమ్ అన్నారు చైర్మన్. ఇద్దరు కలిసి వస్తేనో అని అక్క అడిగింది. మన ఇంటికి ఇద్దరు కలిసి రావడం అరుదని ఆయన తీర్పు. ఆ సాయంత్రమే ఎదురింటి డ్రిల్లు మాస్టారూ భార్యా కలిసి వచ్చారు. కండెమైన స్టూలు మీద కూర్చోకూడదు గనక మాస్టారు అరగంటసేపు నిలబడే మాట్లాడి, నిలబడ్డం తనకు కొత్త కాదని చెప్పి వెళ్లారు.

ప్రతి ఆదివారం పది గంటలకు గేటు దగ్గర గంట మోగేది. మొదటి వేలంలోనే ఒక చిక్కొచ్చింది. చక్రాల కుర్చీకి ఎవరో పాట మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ల అలవాటు, బావగారికి తెలియకుండానే చెయ్యి పైకి లేచింది. అవతలివాళ్లు పెంచారు, ఈయన ఇంకా పెంచారు. చివరికి తన కుర్చీని తానే మంచి ధరకు గెలుచుకుని, చుట్టూ చూసి గర్వంగా నవ్వారు. అక్క ఆ కుర్చీని లోపలికి తోసుకుపోయింది. ఆ తరవాతి వేలాలన్నింటిలోనూ ఆవిడ ఆయన పక్కనే నిలబడి, కుడిచెయ్యి గట్టిగా పట్టుకునేది. చూసేవాళ్లకి అన్యోన్యంగా కనబడేది.

ఇంకో ఆదివారం ఒక గొడుగు వేలానికొచ్చింది. అది నిజానికి పక్కింటి దర్జీది. వాన వెలిశాక మర్చిపోయి వెళ్లాడు, కమిటీ అతణ్ని అడక్కుండానే దాన్ని మూడు ప్రశ్నలూ అడిగేసింది. దర్జీ దాన్ని విప్పి, మూసి, అచ్చం నా గొడుగులాగే ఉందే అని ముచ్చటపడి, అందరికంటే ఎక్కువ పాడి కొనుక్కుపోయాడు. విషయం తెలిశాక బావమరిది డబ్బు తిరిగివ్వబోతే, కుదిరిన బేరాన్ని చెడగొట్టకూడదని దర్జీ తీసుకోలేదు.

మరో వారం మంచం పోయింది. కొన్నాయన మధ్యాహ్నం వచ్చేసరికి బావమరిది దానిమీద కునుకు తీస్తున్నాడు. మంచంతోపాటు మనిషి రాడని బావగారు ఆ కొన్నాయనకు ముందే స్పష్టంగా చెప్పడం అతనికి నిద్రలో వినబడింది.

స్టూళ్లూ బకెట్లూ అమ్మితే అంత అప్పు తీరుతుందా అంటే తీరదు. పెద్ద టీవీ వెళ్లింది, స్కూటరు వెళ్లింది, బీరువాలు రెండూ వెళ్లాయి. బావగారి పింఛనులో సగమూ, అతని జీతంలో ముప్పాతికా నేరుగా బ్యాంకుకు పోయేవి. అక్క ఇప్పుడు ఇంట్లో తిన్నగా నడుస్తోంది. ఊడ్చడం పది నిమిషాల్లో అయిపోతోందని, ఈ సుఖం ఏదో ముందే తెలిసుంటే పెళ్లైన ఏడే కమిటీ వేయించేదాన్నని అనేది.

బావమరిదికి మాత్రం గది ఖాళీ అయినకొద్దీ గుండె బరువెక్కేది. ప్రతి వస్తువూ తనవల్లే పోతోంది. ఎవరూ ఆ మాట అనరు. అతను నాలుగుసార్లు జిరాక్స్ మెషిన్ని కమిటీ ముందు పెట్టాడు. ఇంటి మొత్తానికి విలువైన వస్తువు అదే, అది అమ్మితే అప్పులో మూడోవంతు ఒక్క దెబ్బకి పోతుంది. మొదటిసారి ప్రతిపాదన రెండు కాపీల్లో లేదని బావగారు తిప్పికొట్టారు. రెండు కాపీలు ఇస్తే సాంకేతిక నివేదిక లేదన్నారు. మెకానిక్కుతో అదీ రాయించి తెస్తే, మెకానిక్కు సంతకం కింద తేదీ లేదన్నారు. నాలుగోసారి కోరం లేదని వాయిదా వేశారు. అక్క అప్పుడు వంటింట్లోంచి, నేనిక్కడే ఉన్నానని అరిచింది. వంటింట్లో ఉన్న సభ్యులు లెక్కలోకి రారని ఆయన అన్నారు.

దాంతో అతను లోలోపల ఒక నిర్ణయానికొచ్చేశాడు. ఆఖరు వాయిదా కట్టిన మర్నాడు ఈ ఊరు వదిలేస్తాడు. ఎక్కడో దూరాన ఒక గోడౌన్లో ఉద్యోగం చూసిపెట్టుకున్నాడు. అక్కా బావల ఇల్లు గుల్ల చేసిన మనిషి అదే వీధిలో తలెత్తుకుని ఎలా తిరుగుతాడు? ఒక చేతిసంచీ సర్దుకుని తలుపు వెనక పెట్టుకున్నాడు. వస్తువులు తగ్గాక దాచుకోవడానికి చోటు దొరకడం కూడా కష్టమైపోయింది ఆ ఇంట్లో.

ఒక శనివారం ఆఖరు వాయిదా కట్టేశాడు. బ్యాంకు రసీదుతో తిరిగి వస్తుంటే దర్జీ ఆపి, పాపం అన్నాడు. మీ బావగారి పిచ్చి ముదిరిపోయింది, నీలాంటివాడు జీతం తెచ్చిపెట్టబట్టి ఆ ఇల్లు నిలబడింది, లేకపోతే మీ అక్క ఏమైపోయేదో అని జాలిపడ్డాడు.

ఇంటిని ముంచినవాడు తనైతే, నిలబెట్టినవాడన్న పేరు కూడా తనకే వచ్చింది. బావమరిది తిన్నగా వంటింట్లోకి వెళ్లి, ఇదేమిటని అక్కని అడిగాడు.

"మీ బావకి సామాను తగ్గించాలని ఏనాడుందిరా?" అంది అక్క. "ఒక్కో స్టూలు గేటు దాటుతుంటే ఆయన మొహం చూళ్లేకపోయేదాన్ని. ఊరికే అమ్ముకుంటుంటే ఎందుకని అందరూ అడుగుతారట. పిచ్చివాడు అమ్ముకుంటే నవ్వి ఊరుకుంటారట. నీ పేరు బయటికి రాకూడదని ఆయన కట్టిన వేషం ఇది. నీకు చెప్పొద్దని నా దగ్గర మాట కూడా తీసుకున్నారు."

ఇంత ప్రేమ ఎవరైనా ఇలా ఫారాలు నింపి, గంట కొట్టి చూపిస్తారా అని అతనికి అనిపించింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, చివరికి ఎక్కిళ్లు వచ్చాయి. అక్క మంచినీళ్లిచ్చింది.

మర్నాడు ఆదివారం. పది గంటలకు గంట మోగింది, వీధంతా గేటు దగ్గర చేరింది. బావమరిది సంచీ భుజానికి తగిలించుకుని వచ్చి ముందు నిలబడ్డాడు. నేనొక మాట చెప్పాలన్నాడు.

"అది ఎజెండాలో లేదు," అన్నారు బావగారు కంగారుగా.

అతను వినిపించుకోలేదు. అప్పు తనదని, షాపు మునిగితే ఆ బరువు బావగారి మీద పడిందని, ఆయనకు పిచ్చీ లేదు పాడూ లేదని, నవ్వాలంటే తనని చూసి నవ్వమని గబగబా చెప్పేశాడు. చెప్పి తల దించుకున్నాడు.

"మాకు తెలుసులే బాబూ," అన్నాడు దర్జీ. "బ్యాంకు ఉత్తరం ఇంటినంబరు తప్పయి ముందు మా ఇంటికే వచ్చింది. విప్పి చూశాక గాని మాది కాదని తెలీలేదు. మళ్లీ అంటించి మీ గేట్లో పడేశాను. నిన్న నీ దగ్గర జాలిపడింది కూడా తెలిసే."

"ఆయన అంత కష్టపడి పిచ్చివాడిలా నటిస్తుంటే మధ్యలో మేం పాడుచెయ్యడం దేనికని ఊరుకున్నాం," అన్నారు డ్రిల్లు మాస్టారు. "లేకపోతే నాకు ఆరు నిప్పు బకెట్లు ఎందుకయ్యా?"

బావమరిది తలెత్తి చూశాడు. ఒక్క మొహంలోనూ ఎగతాళి లేదు. ఏడాదిన్నరగా తాను తప్పించుకు తిరిగిన మనుషులు వీళ్లేనా అనుకున్నాడు.

అందరూ నవ్వుతున్నారు, ఒక్క బావగారు తప్ప. ఆయన మొహం జేవురించింది. అంటే వస్తువు విలువ చూసి పాడలేదన్నమాట, మనిషిని చూసి పాడారన్నమాట అన్నారు. అలా పాడిన పాట చెల్లదన్నారు. డెబ్బై ఆరు వేలాలూ రద్దు, ఎవరు కొన్న వస్తువులు వాళ్లు రేపు పొద్దున్నకల్లా తెచ్చి అప్పజెప్పాలి, అన్నీ మళ్లీ మొదటినుంచి అన్నారు. బకెట్లలో పూలమొక్కలు వేశామని మాస్టారి భార్య మొత్తుకుంది. అక్క ఇంక ఆగలేదు. ఆయన చెయ్యి వదిలేసి, ఆ అరిగిపోయిన స్టూళ్లు మళ్లీ గడప తొక్కితే నేను పుట్టింటికి పోతానంది. పుట్టింటివాడు నీ పక్కనే ఉన్నాడుగా అన్నారు బావగారు. అప్పుడు కనబడింది ఆయనకి సంచీ.

"ఆ సంచీ ఏమిటోయ్?"

వెళ్లిపోతున్నానని అతను నీళ్లు నమిలాడు. బావగారు కోపం పక్కన పెట్టి, వీధిగదిలోకి నడిచి, మెషిను మీది దుప్పటి లాగేశారు. గది నలుమూలలా ఖాళీ. అది ఎంత పెద్ద గదో ఆ రోజే అందరికీ తెలిసింది.

"పనిచేసే వస్తువుని పనికిరాదని రాయడం నేరం. నా సర్వీసులో అలాంటి సంతకం ఒక్కటి లేదు. ఈ మెషినూ బాగానే ఉంది, నువ్వూ బాగానే ఉన్నావు. అక్కడ నిన్ను ముంచింది అద్దె. ఈ గదికి అద్దె లేదు," అన్నారు. అతని భుజం మీది సంచీ అక్క ఎప్పుడు తీసుకుందో అతనికి తెలియలేదు.

సోమవారం పొద్దున్నే వీధిగది తలుపులు బార్లా తెరుచుకున్నాయి. మొదటి గిరాకీ బావగారే. డెబ్బై ఆరు వేలాల్లో ఈ వీధి ప్రజలు నిబంధనలకు విరుద్ధంగా దయ చూపించారంటూ నాలుగు పేజీల అసమ్మతి పత్రం రాసుకొచ్చారు. దర్జీకొకటి, మాస్టారికొకటి, ఫైలుకొకటి, మూడు కాపీలు కావాలన్నారు. బావమరిది తీసి, పిన్ను కొట్టి ఇచ్చి, మీ దగ్గర డబ్బులేమిటి బావా అన్నాడు.

"ఇదిగో, ఇలా ఊరికే ఇస్తే అద్దె లేకపోయినా మునుగుతావు," అని బావగారు కాపీలన్నీ కాంతికి పెట్టి పరీక్షించి, చిల్లర లెక్కపెట్టి బల్లమీద పెట్టి, రసీదు రాయమని అక్కడే నిలబడ్డారు.